సైనైడ్ మిట్ట మీదికి షికారు

ద్రాక్షపండ్లను కాళ్ళతో తొక్కడం కోసం బెంగళూరు నుంచి కార్లేసుకుని మనుషులొస్తారని నా పెళ్ళినాడు ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ళ నెత్తిన నిమ్మకాయ రుద్దించి ఉండేదాన్ని. ఇప్పుడు నిజంగానే వస్తున్నారు. మా పొలాన్ని ఆనుకున్న తోటను బెంగళూరాయన ఒకడు కొన్నాడు. మాది రాతి కూసాల మీద పందిరి వేసి పాకించే నల్లద్రాక్ష. ఆయన ఆ పాతతోట అంతా పీకించి, వైను చేసే ద్రాక్షను తీగెల మీద వరసలు వరసలుగా నిలబెట్టాడు. కొన్నాళ్ళకు తోట మధ్యలో పెంకుటిండ్లు కట్టించి, దారి పక్కన పెద్ద బోర్డు పెట్టించాడు. బేతమంగళ చెరువుకు ఇవతలున్న మా ఊరికి ఆదివారమైతే తిరునాళ్ళే.

పొద్దున్నే తోటలో నడక. అంటే, మేము గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచే గట్ల మీదే వాళ్ళు చేతికర్రలు పట్టుకుని నడుస్తారు. మేము నడిస్తే బతుకు, వాళ్ళు నడిస్తే ట్రెక్కింగు. తర్వాత ట్రాక్టరు ట్రాలీలో ఒక చుట్టు. ఆ తర్వాత గ్లాసుల్లో వైను పోసిస్తే తిప్పి, వాసన చూసి, నోట్లో పోసుకుని, కొందరు పక్కనున్న బకెట్లో ఉమ్మేస్తారు. ఉమ్మేసేదానికి పండించడమెందుకో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు తొట్టి తెస్తారు. తొట్టినిండా పండ్లు పోసి, ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని తొక్కుతారు. ఒకరు ఫొటోలు తీస్తారు.

మా ఇండ్లల్లో రాగిగింజ మీద పొరపాటున కాలు పడితే వంగి తాకి కళ్ళకద్దుకుంటాం. కళ్ళంలోకి చెప్పులతో ఎవరూ అడుగు పెట్టరు. అలాంటి చోట తిండి మీద ఎక్కి ఎగిరితే చూసేవాళ్ళకి ఒళ్ళు మండదా? మొదటిసారి చూసిన రోజు నేను కూర కలిపే గరిటె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తొట్టిలో ఉన్న ఒక అమ్మాయి నన్ను చూసి, "ఆంటీ, మీరూ రండి, బాగుంటుంది!" అని పిలిచింది.

"మా అత్త చూస్తే కాళ్ళిరగ్గొడతాది తల్లీ," అన్నాను.

అందరూ పకపకా నవ్వారు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

ఇంత కోపమున్నదానివి అక్కడెందుకున్నావంటే, వంట చేయడానికి. మా బోరు ఎండిపోయింది, పందిరి మీద తీగలు వడలిపోయాయి, ఆదివారం వంటకు మనిషి కావాలని తోటవాళ్ళడిగారు. రాగిముద్ద, నాటుకోడి పులుసు నా చేత్తోనే అయ్యేవి. వచ్చినవాళ్ళు మింగాల్సిన ముద్దను నమిలి, ఎలా తినాలో నాతో చెప్పించుకుని, మళ్ళీ నమిలేవారు. అదంతా ఓర్చుకున్నాను. నేను ఓర్చుకోలేనిది మా నాన్నను వాళ్ళు ముట్టుకోవడం.

మా నాన్నను మేము అప్పా అనే పిలుస్తాం. ఆయన కేజీఎఫ్ గనిలో పనివాడు. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి బంగారు గనుల్లో పనికి వచ్చి, అక్కడ గని పనివాళ్ళకు వరసగా కట్టిన లైనిండ్లల్లోనే కాపురం పెట్టాడు. గనులు సర్కారు చేతికి వచ్చాక అప్ప పనిలో చేరాడు. మొదట రాయి ఎత్తే పని, తర్వాత డ్రిల్లింగు, చివరికి మేస్త్రీ. గని మూతబడేదాకా ఆయనకు లోపలి పని తప్ప ఇంకో లోకం లేదు. మూతబడ్డాక లోకమే లేదు.

మా లైను సరిగ్గా సైనైడ్ మిట్ట కింద ఉండేది. రాయిని పిండి చేసి, సైనైడ్ కలిపి బంగారం తీసుకున్నాక మిగిలిన పొడిని ఏండ్లకేండ్లు అక్కడ పోసి పోసి కొండలు చేశారు. దూరం నుంచి చూస్తే తెల్లగా, మెత్తగా, ముద్దుగా ఉంటాయి. దూరపు కొండలు నునుపు అని పెద్దలు ఊరికే అనలేదు. గాలి లేచినప్పుడు చూడాలి ఆ ముద్దు. అమ్మ తలుపులకు తడిపిన గోనెపట్టాలు కట్టేది. అయినా అన్నంలో, నీళ్ళకుండలో, రెప్పల మీద ఆ పిండే. లోపల పని చేసినన్నాళ్ళు రాతిదుమ్ము, బయటికొస్తే ఈ దుమ్ము. అప్పకు దగ్గు పట్టుకుంది. దగ్గు పోయి ఆయాసం వచ్చింది. అమ్మ పోయిన తర్వాత ఆయన నాలుగడుగులేస్తే గోడ పట్టుకునేవాడు.

డాక్టరు ఎక్సరే వెలుతురుకు పెట్టి చూపించి, "పోయింది పోయింది. మిగిలింది కాపాడుకోవాల. ఈయన్ని ఆ దుమ్ములోనుంచి తీసుకుపోండమ్మా," అన్నాడు. అప్ప రానన్నాడు. కూతురింట్లో కూర్చుని తినడమేమిటన్నాడు. లైనులో వాళ్ళంతా ఏమనుకుంటారన్నాడు. అప్పటికి ఆ లైనులో సగం ఇండ్లకు తాళాలే. నేను ఏడ్చి, అరిచి, ఆయన పెట్టెను నేనే సర్ది, మంచాన్ని ఆటోకు కట్టించి మా ఊరికి తెచ్చాను.

చెరువుగాలి పని చేసింది. ఒక ఏడాది తిరిగేసరికి అప్ప ఇంటి నుంచి టీ అంగడి దాకా గోడలు పట్టుకోకుండా పోయి వచ్చేవాడు. రాత్రిళ్ళు పడుకుని నిద్రపోయేవాడు, కూర్చుని కాదు. ఆ ఊపిరి నేను పోట్లాడి సంపాదించింది. నా బిడ్డల తర్వాత నేను అంత జాగ్రత్తగా చూసుకున్నది ఇంకొకటి లేదు. రాగులు తూర్పారబట్టే రోజున ఆయన్ని ఊరి ఆ చివర మా ఆడపడుచు ఇంట్లో కూర్చోబెట్టేదాన్ని.

తోట మేనేజరుకు ఈయన గని మనిషని తెలిసింది. ఎవరు చెప్పారో ఏమో, నేనైతే కాదు. ఒక ఆదివారం వచ్చినవాళ్ళ మధ్య కుర్చీ వేసి అప్పను కూర్చోబెట్టాడు. గని కథలు చెప్పమన్నారు. మాకు చిన్నప్పుడు ఒక్క మాట చెప్పని మనిషి, ఆ రోజు నోరు విప్పితే నేను గరిటె వదిలేసి విన్నాను. ఎన్ని అబద్ధాలు! గోడ పగలగొడితే బంగారం అద్దంలాగా మెరిసిందట, అందులో ఈయన తల దువ్వుకున్నాడట. లోపల తెల్లటి పాము ఒకటి వీళ్ళ గుంపుకు కాపలా ఉండేదట. మా ఇంట్లో ముక్కుపుడకకైనా దొరకని బంగారం ఆయన కథల్లో బండ్లకు బండ్లు పైకొచ్చింది. దుమ్ము గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

"ఎందుకప్పా ఆ కోతలు?" అన్నాను ఇంటికొచ్చాక.

"వాళ్ళు సంతోషంగా విన్నారు కదమ్మా. మూసేసినాంక ఇన్నేండ్లల్లో నన్ను ఎవరు అడిగినారు చెప్పు, లోపల ఎట్లా ఉండెనని?"

నేనూ ఎప్పుడూ అడిగినదాన్ని కాదు. ఆ తర్వాత ఆదివారమైతే ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నాకంటే ముందే తోట గేటు దగ్గర నిలబడేవాడు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుని ఊరుకున్నాను. కుర్చీలో కూర్చుని కథలు చెబితే ఊపిరేమీ పోదు కదా.

శివరాత్రి దాటింది. మధ్యాహ్నం పూట సుడిగాలులు లేచే కాలం. అప్పుడు మేనేజరుకు కొత్త బుద్ధి పుట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక జీపుల్లో కేజీఎఫ్ పోవడం, సైనైడ్ మిట్ట ఎక్కడం, సాయంత్రానికి తిరిగొచ్చి చెరువులో పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, ఎక్కి షికారు. మిట్ట మీద గని గురించి చెప్పడానికి నిజమైన గని మనిషి. ఆ సంగతి అప్పే నాకు చెప్పాడు, పండక్కు బట్టలు తెచ్చిన పిల్లవాడి మొహంతో.

"పోగూడదు," అన్నాను.

"నేను ఎక్కనమ్మా. కింద జీపులోనే కూచుంటాను. యాడేడ ఏముండాదో చూపిస్తే చాలన్నాడు."

"చూపించేదానికి ఏముండాది ఆడ? తుప్పుపట్టిన షాఫ్టు, నీ ఊపిరి తిన్న మన్ను. రెండూ చూపిస్తావా?"

"నా మిట్ట నేను చూసేదానికి నీ పర్మిషన్ కావాల్నా?"

నా మిట్ట! ఆయనను తినేసిన దుమ్మును ఆయన నాది అంటున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా మేనేజరు దగ్గరికి పోయాను.

"మా అప్పకి దుమ్ము పడదు సార్. డాక్టరు చెప్పినాడు. ఆయన్ని తీసుకుపోవద్దండి."

"అక్కా, ఆయనే వస్తానన్నారు. ఏసీ బండిలో ముందు సీట్లో కూర్చోబెడతాం. దిగనివ్వను. నాది గ్యారంటీ," అన్నాడు మేనేజరు.

"ఆయన దిగితే?"

"దిగనివ్వనన్నాను కదక్కా. కొంచెం టెన్షన్ తగ్గించుకోండి."

ఆ ఆదివారం నేను అప్పను కంట్లో పెట్టుకుని కాపలా కాశాను. భోజనాల దగ్గర నా పక్కనే పీట వేసి కూర్చోబెట్టాను. పచ్చటోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు, వాడి పెండ్లాం, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, పులుసు కారంగా ఉందని పెరుగు మీద పెరుగు వేయించుకున్నారు. అప్ప వాళ్ళతో ఏదో ముచ్చట చెబుతున్నాడు. నేను గిన్నెలు బోర్లించి తలెత్తేసరికి జీపుల్లేవు, అప్ప లేడు, పీట ఉంది.

మిట్ట దగ్గర జరిగింది జీపు నడిపిన మా ఊరి మనిషి తర్వాత నాకు పూసగుచ్చినట్లు చెప్పాడు. ఏసీ లేదు, పాడూ లేదు, పైన గుడ్డ కప్పిన జీపు. మిట్ట కింద ఆగగానే అప్పే దిగాడట. కొంచెం దూరం, కొంచెం దూరం అంటూ, నిలబడి నిలబడి పైదాకా ఎక్కాడట. మేనేజరు చూస్తూ ఉన్నాడు. తర్వాత గ్యారంటీ ఇచ్చిన ఆ మేనేజరే చెయ్యి పట్టి ఎక్కించాడు. పైకెక్కాక అప్ప చేయి చాపి అది ఫలానా షాఫ్టు, అక్కడ మనుషుల్ని గనిలోకి దించే ఇనపబోను, మా కేజి, దిగేది, అదిగో ఆ చెట్టు వెనక మా లైను అని చూపిస్తుంటే, చూసేవాళ్ళు ఆయనను వెనక పెట్టుకుని ఫొటోలు దిగారు. పచ్చటోపీ కుర్రాడూ వాడి పెండ్లామూ మంచి వెలుతురు కోసమని మిట్ట అవతలి వైపుకు పోయారు.

అప్పుడు గాలి లేచింది. మిట్ట నడినెత్తి నుంచే తెల్లగా లేచిందట దుమ్ము. ఎదురుగా ఉన్న మనిషి కనబడలేదట. కేకలు, నవ్వులు, తుమ్ములు. అప్ప తువ్వాలు మూతికి కట్టుకుని ఒక్కొక్కరినీ రెక్క పట్టి దారి మీదికి పంపించాడు. అందరూ దిగినా ఆయన దిగలేదు.

ఎందుకు దిగలేదో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. గనిలో మేస్త్రీ పద్ధతి అది. పని ముగిశాక తన గుంపును ఒక్కొక్కరినీ కేజిలోకి ఎక్కించి, తలలు లెక్కపెట్టుకుని, ఆఖరున తాను ఎక్కాలి. ఒక్క తల తక్కువైనా మేస్త్రీ పైకి రాడు. వెతుకుతాడు, కేకేస్తాడు, దొరికేదాకా అక్కడే ఉంటాడు. ఎవరో ఒకడు ఎక్కడో కునుకు తీసిన పాపానికి అప్ప ఎన్నిసార్లు ఇంటికి ఆలస్యంగా వచ్చాడో, అమ్మ ఎన్నిసార్లు సంగటి చల్లారబెట్టుకుని వాకిట్లో నిలబడిందో నాకు తెలుసు. లైనులో ఆడవాళ్ళంతా ఆ పద్ధతిని నమ్ముకునే నిద్రపోయేవారు. తమ మగవాడిని లోపల వదిలేసి మేస్త్రీ రాడని. ఆ పద్ధతిని ఆయన ఈ షికారు మనుషులకు వర్తింపజేశాడు. ఇద్దరు తక్కువున్నారు. పచ్చటోపీ ఒకటి, దాని పక్కనున్న పిల్ల ఒకతె.

ఆయన ఆ దుమ్ములో నిలబడి అవతలి వైపుకు కేకలు పెట్టాడు. కేకవేయాలంటే ఊపిరి పీల్చాలి. ప్రతి కేకకూ ఆ మన్ను లోపలికి పోయింది.

ఆ ఇద్దరూ మిట్ట మీద లేనే లేరు. అవతలి వైపు నుంచే రోడ్డు మీదికి దిగిపోయారు. వాళ్ళ కారు వాళ్ళకు వేరే ఉంది, డ్రైవరు అక్కడికి తెచ్చాడు, ఎక్కి చెరువుకు పోయారు. అప్పను పిలుచుకురావడానికి మేనేజరు మళ్ళీ మిట్ట ఎక్కలేదు. బూట్లు పాడవుతాయని కాబోలు. ఎంతసేపటికీ ఆయన రాకపోయేసరికి జీపు డ్రైవరే పైకెక్కాడు. అప్ప మోకాళ్ళ మీద కూర్చుని, తువ్వాలు జారిపోయి, మొహం మీసం అంతా తెల్లగా, గొంతు రాకపోయినా నోరు తెరిచి పిలుస్తూనే ఉన్నాడట. లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడట, "ఇద్దరుండారు ఆపక్క" అని. చివరికి భుజాన వేసుకుని దింపాడు.

నాకు ఫోను వచ్చింది. "అక్కా, అప్పకి ఊపిరాడల్య. ఆస్పత్రికి తీసుకుపోతా ఉండాను. నువ్వు బిరీన రా. ఆ టోపీ పిల్లోళ్ళు కనబడలేదని పైనే నిలబడిపోయినాడు," అన్నాడు జీపు మనిషి.

మా ఆయన బండి తీశాడు. చెరువు కట్ట మీదుగా పోతుంటే చూశాను. నీళ్ళల్లో పుట్టి గిరగిరా తిరుగుతోంది. అందులో పచ్చటోపీ. ఆ పిల్ల నీళ్ళల్లో చెయ్యి పెట్టి వాడి మీదికి చల్లుతోంది. నేను బండి ఆపమన్నాను. మా ఆయన వద్దన్నాడు. ఆపేదాకా వీపు మీద గుద్దాను.

"ఏమయ్యా!" అని కట్ట మీది నుంచి అరిచాను. "ఏమయ్యా టోపీ! నీ కోసరం ఆడ ఒక ముసలాయన దుమ్ములో నిలబడినాడు తెలుసునా? దిగినవాడివి ఒక మాట చెప్పి దిగగూడదా?"

పుట్టి ఒడ్డుకు వచ్చింది. వాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నిజంగానే ఏమీ అర్థం కాని మొహం. ఆ పిల్లే మాట్లాడింది. "చెప్పాం కదా ఆంటీ. వెళ్తున్నామని గ్రూపులో మెసేజ్ పెట్టాం."

"ఏం గ్రూపు?"

"టూర్ గ్రూపు. వాట్సాప్‌లో. మేనేజర్ థంబ్స్ అప్ కూడా పెట్టారు." ఫోను నాకు చూపించబోయింది.

మా అప్ప జేబులో ఉండేది మీటలు నొక్కే ఫోను. దానికి గ్రూపు లేదు, బొటనవేలూ లేదు. మేనేజరు చూశాడు, బొటనవేలు లేపాడు, నోరు మాత్రం లేపలేదు. పక్కనే మిట్ట మీద నిలబడి కేకలేస్తున్న మనిషికి ఒక్క మాట చెప్పాలని అతనికి తోచలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నేను వాళ్ళిద్దరినీ ఏమేమి తిట్టానో ఇక్కడ రాయను. రాసినా అచ్చు వేయరు. తిట్టినందుకు ఆ రోజూ బాధ పడలేదు, ఇప్పుడూ పడను. ఆ పిల్ల ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను.

ఆస్పత్రిలో అప్ప మొహానికి మాస్కు పెట్టి ఉన్నారు. చెవుల్లో, కనుబొమల్లో ఇంకా ఆ తెల్లపిండి. నర్సు మొహం తుడిచింది గానీ చెవులు తుడవలేదు. డాక్టరు ఎక్సరే నాకు చూపించలేదు. ఇంట్లో సిలిండరు పెట్టుకోవాల్సి ఉంటుందమ్మా, అన్నాడు. ఎన్నాళ్ళని అడిగాను. ఇంక అంతే, అన్నాడు. ఆయన చెప్పినట్లే అయింది. తర్వాత బతికినన్నాళ్ళూ అప్ప మళ్ళీ టీ అంగడి దాకా నడవలేదు. ఏడాదిపాటు నేను కూడబెట్టిన ఊపిరిని ఒక్క మధ్యాహ్నం షికారు పట్టుకుపోయింది. ఇదేమీ నాకు ఆ క్షణంలో ఏడుపు తెప్పించలేదు. కోపం, కోపం, పండ్లు కొరుక్కునే కోపం.

అప్ప కళ్ళు తెరిచి నన్ను చూశాడు. మాస్కు కిందికి లాగబోతే చెయ్యి పట్టుకున్నాను. అయినా లాగాడు.

"ఆ టోపీ పిల్లోళ్ళు," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "దిగినారా అమ్మా?"

దిగినారప్పా, నువ్వే దించినావు అని ఒక అబద్ధం ఆడితే ఏం పోయేది? నా నోరు అలా తిరగలేదు.

"నువ్వు కేక వేసేదానికి ముందే దిగినారప్పా! ఆపక్కనుంచి దిగి, కారెక్కి, చెరువులో షికారు చేస్తా ఉండారు. నీకు చెప్పల్య. ఆ మేనేజరుకి తెలిసీ నీకు చెప్పల్య. ఎవరి కోసరం నిలబడినావు నువ్వు? నీ గుంపా వాళ్ళు? నిన్ను మనిషి కింద లెక్కపెట్టినారా వాళ్ళు?"

ఆయనకు కోపం రావాలని నా కోరిక. ఆ టోపీ మీద, మేనేజరు మీద, మిట్ట మీద, గని మీద, ఎవరి మీదైనా సరే, జన్మలో ఒక్కసారి. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు కొంచెం చల్లబడి ఉండేది. ఆయన ఒక్క తిట్టూ తిట్టలేదు. నేను చెబుతుంటే ఆయన మొహంలో బిగువు సడలింది. భుజాలు దిండు మీదికి దిగాయి.

"ఇంగ మంచిదే కదమ్మా," అన్నాడు. "పైన ఎవురూ మిగల్లేదు."

"నువ్వు మిగిలినావు కదప్పా!" అని అరిచాను.

వార్డంతా నా వైపు తిరిగింది. నర్సు పరుగెత్తుకొచ్చి మాస్కు సర్ది, నన్ను బయటికి పొమ్మంది. నేను పోలేదు. అప్ప అప్పటికే కళ్ళు మూసుకున్నాడు. గుంపు మొత్తాన్ని పైకి తెచ్చిన మేస్త్రీకి ఇంకెవరితోనూ పని లేదు, నాతో కూడా.